స్టెప్నీ వీధి నుంచి కారియాపట్టి దాకా

మదురై నుంచి అరుప్పుకోట్టై వైపు వస్తున్నాం. కారియాపట్టి ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా బండి ఎడమ పక్కకు లాగడం మొదలుపెట్టింది. రాత్రి ఎనిమిదిన్నర. అటూ ఇటూ నల్లరేగడి చేలు, గట్ల మీద సర్కారు తుమ్మ పొదలు, మధ్యలో తూత్తుకుడికి పోయే నాలుగు వరుసల రోడ్డు. మామ స్టీరింగు బిగించి పట్టుకుని, బ్రేకు గట్టిగా తొక్కకుండా, వేగాన్ని దానంతటదే తగ్గనిచ్చి, తారు దాటించి మట్టి అంచున ఆపాడు. దిగి సెల్‌ఫోను లైటు వేసి చూస్తే వెనక ఎడమ టైరు నేల కరుచుకుపోయి ఉంది.

"స్టెప్నీ దించాల అల్లుడా" అన్నాడు.

దించడమంటే నిజంగా దించడమే. మామది ఏడుగురు కూర్చునే ఎస్‌యూవీ. అలాంటి బండ్లలో చాలావాటికి స్టెప్నీ డిక్కీలో ఉండదు, బండి కడుపు కింద గొలుసుకు వేలాడుతుంటుంది. వెనక బంపరు దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. అందులో పొడవాటి కడ్డీ దూర్చి తిప్పుతుంటే బావిలోకి చేద దిగినట్టు మెల్లగా దిగుతుంది. నేను తిప్పుతున్నాను. అత్త బండి దిగి, కోవిల్‌పట్టిలో కొన్న కడలై మిఠాయి పొట్లం విప్పింది. మామ కొడుకు, పదేళ్ళవాడు, నా పక్కన గొంతుక్కూర్చుని అడిగాడు.

"బావా, స్టెప్నీ అనేది తెలుగు మాటా, అరవ మాటా?"

మా ఇళ్ళల్లో పిల్లలకు ఈ అనుమానం రోజుకు పదిసార్లు వస్తుంది. ఇంట్లో తెలుగు, బళ్ళో అరవం. ఆ రెండు చేల మధ్య గట్టు ఎక్కడుందో వాళ్ళకు తెలీదు, తెలియాల్సిన అవసరమూ పడదు.

"రెండూ కాదు, ఇంగ్లీషు" అన్నాడు మామ, సీటు కింద జాకీ వెతుకుతూ.

అది సగమే నిజం. ఇవాళ లండన్‌లో ఎవరినైనా స్టెప్నీ ఏదని అడిగితే ఊరికి తూర్పున ఉన్న ఒక పేటను చూపిస్తారు. చక్రమని వాళ్ళకు తట్టదు. ఆ మాటకు పుట్టినచోట నీళ్ళు కరువై మన దగ్గర వేరు తన్నింది. మన దేశంలో, బంగ్లాదేశ్‌లో, మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపంలో అది ఇంకా బతికే ఉంది. బ్రెజిల్‌కు పోయి 'ఎస్తెపె' అయింది. అసలు స్టెప్నీ ఒక వీధి పేరు. ఒక వీధి పేరు చక్రానికి ఎందుకొచ్చిందో చెప్పాలంటే చాలా వెనక్కి, రబ్బరు దగ్గరికి పోవాలి.

పచ్చి రబ్బరు పనికిమాలిన సరుకు. ఎండలో బంకలా సాగేది, చలికి పెళుసెక్కి విరిగేది. అమెరికాలో చార్లెస్ గుడియర్ అనే ఆయన దాన్ని బాగుచేస్తానని పట్టుబట్టి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి, అప్పులకు జైలుకు కూడా పోయాడు. 1839లో గంధకం కలిపిన రబ్బరు ముక్క ఒకటి పొరపాటున మండుతున్న పొయ్యికి తగిలింది. కరిగి కారాల్సింది కాస్తా తోలులా గట్టిపడింది. చూసినవాళ్ళు పట్టించుకోలేదు. ఆయన మాత్రం ఆ మాడిన ముక్క దగ్గరే ఆగిపోయాడు. ఎంత వేడి, ఎంతసేపు అన్నది తేలేదాకా ఇంకెన్నో ముక్కలు మాడ్చి, 1844లో పేటెంటు తీసుకున్నాడు. ఆ పనికే వల్కనైజింగ్ అని పేరు. మన పంక్చరు షాపుల బోర్డుల మీద వంకర అక్షరాలతో కనిపించే మాట అదే. గుడియర్ 1860లో అప్పులతోనే పోయాడు. ఆయన పేరు పెట్టుకున్న టైర్ల కంపెనీ 1898లో పుట్టింది. దానికీ ఆయన కుటుంబానికీ చుట్టరికం లేదు.

గట్టిపడిన రబ్బరు చేతికొచ్చాక దానిలో గాలి నింపాలన్న ఆలోచన ఆలస్యం కాలేదు. స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ అనే కుర్రవాడు, 23 ఏళ్ళవాడు, 1845లోనే గాలి చక్రానికి పేటెంటు రాయించుకున్నాడు. రబ్బరు పట్టించిన గుడ్డతో గొట్టం, దాని మీద తోలు తొడుగు. గుర్రపు బగ్గీలకు బిగించి లండన్‌లోని రీజెంట్స్ పార్కులో నడిపించి చూపించాడు. బగ్గీ చప్పుడు చేయకుండా పోతుంటే జనం నోరెళ్ళబెట్టారు. కానీ కొనేవాడేడి? రబ్బరు ఖరీదు, సైకిళ్ళ కాలం రాలేదు, కార్లు ఎవరి కలలోనూ లేవు. థామ్సన్ విసిగి గాలిని వదిలేసి, ఆవిరి బండ్లకు గట్టి రబ్బరు టైర్లు వేయడం మొదలుపెట్టాడు. ఆ బండ్లు 1870ల్లో రావల్పిండి దాకా వచ్చాయి. గాలి చక్రాన్ని మాత్రం లోకం 40 ఏళ్ళు మరిచిపోయింది.

మళ్ళీ గుర్తుచేసింది ఒక పశువుల డాక్టరు. బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ కొడుకు మూడు చక్రాల సైకిలు తొక్కేవాడు. గట్టి రబ్బరు చక్రాలు, రాళ్ళు పరిచిన వీధి, ఒళ్ళంతా హూనం. 1887లో డన్‌లప్ ఒక చెక్క బిళ్ళ తీసుకుని, చుట్టూ పలచటి రబ్బరు గొట్టం చుట్టి, మీద నారగుడ్డ మేకులతో దిగ్గొట్టి, ఫుట్‌బాలుకు గాలి కొట్టే పంపుతో గాలి నింపాడు. సైకిలు చక్రాన్నీ, తన చక్రాన్నీ పెరట్లో ఒక్కో తోపు తోసి వదిలాడు. మొదటిది కొంతదూరం దొర్లి పడిపోయింది. రెండోది పెరడంతా దాటి గేటుకు కొట్టుకుని వెనక్కి ఎగిరింది. ఆ గేటు చప్పుడుతోనే టైర్ల వ్యాపారం మొదలైందంటే నేను నమ్ముతాను. 1888 డిసెంబరులో పేటెంటు వచ్చింది. రెండేళ్ళకే, ఇదెప్పుడో థామ్సన్ చేశాడు కదా అని అది చెల్లకుండా పోయింది.

అదే 1888 ఆగస్టులో జర్మనీలో ఇంకో సాహసం జరిగింది. కార్ల్ బెంజ్ చేసిన మూడు చక్రాల మోటారు బండిని ఆయన భార్య బెర్తా బెంజ్, మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి తోలుకుపోయింది. నూరు కిలోమీటర్ల పైమాట. దారి కష్టాల మీద పుస్తకం రాస్తే మొదటి అధ్యాయం ఆమెదే. ఇంధనపు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. తీగ కాలుతుంటే మేజోడు పట్టీ చుట్టింది. ఇంధనం మందుల షాపులో కొంది. బ్రేకు చెక్కలు అరిగితే చెప్పులు కుట్టేవాడిచేత తోలు కొట్టించింది. మిట్ట వస్తే కొడుకులు దిగి తోశారు. ఆమెకు రాని కష్టం ఒక్కటే, పంక్చరు. ఆ బండి చక్రాల్లో గాలి లేదు మరి!

గాలి వచ్చింది, పంక్చరు వచ్చింది. గుర్రాలూ ఎడ్లూ నడిచే రోడ్ల మీద మేకులకు కొదవా? ప్రతి గిట్టకూ లాడం, ప్రతి లాడానికీ మేకులు. ఊడినవి ఊడినట్టు దుమ్ములో నిలబడి టైరు కోసం ఎదురుచూసేవి. టైరేమో చక్రానికి జిగురుతో అంటించి ఉండేది. 1889లో ఫ్రాన్స్‌లోని క్లెర్మాంట్ ఫెరాండ్‌లో రబ్బరు కార్ఖానా నడిపే ఎడువార్డ్ మిషెలిన్ దగ్గరికి ఒక సైకిలాయన డన్‌లప్ టైరు పంక్చరు చేసుకుని వచ్చాడు. దాన్ని ఊడబెరికి అతకడానికి మూడు గంటలు, జిగురు ఆరడానికి ఒక రాత్రి. తెల్లారి ఎడువార్డ్ ఉత్సాహంగా ఎక్కి కొన్ని వందల గజాలు పోయాడో లేదో, మళ్ళీ తుస్సుమంది. అయినా ఆ కాసేపట్లోనే ఆయనకు రెండు సంగతులు తెలిశాయి. గాలి మీద ప్రయాణం అద్భుతం. దాన్ని పదిహేను నిమిషాల్లో బాగుచేయలేకపోతే మాత్రం దండగ.

రెండేళ్ళ తరవాత, 1891లో, జిగురు లేకుండా విప్పదీసే టైరు తయారైంది. ఆ సెప్టెంబరులో పారిస్ నుంచి బ్రెస్ట్‌కు పోయి తిరిగొచ్చే సైకిలు పందెంలో షార్ల్ తెరాన్ దానితోనే గెలిచాడు. ఎడువార్డ్ అక్కడ ఆగలేదు. మరుసటేడు తనే ఒక పందెం పెట్టి, దారిలో తనే మేకులు చల్లించాడు. పంక్చర్లు పడాలి, తన టైరు ఎంత సులువుగా విప్పి వేసుకోవచ్చో జనం చూడాలి! ఇలాంటి వ్యాపారిని మెచ్చుకోవాలో తన్నాలో నాకిప్పటికీ తేలలేదు. ఈ మేకుల సంగతి గుర్తుంచుకోండి, మదురై చేరాక మళ్ళీ పని పడుతుంది.

సైకిలుకు సరే, కారుకో? 1895లో పారిస్ నుంచి బోర్డోకు పోయి తిరిగివచ్చే కార్ల పందెంలో మిషెలిన్ సోదరులు తమ బండికి గాలి టైర్లు వేసి తామే నడిపారు. 'ఎక్లేర్' అని పేరు, అంటే మెరుపు. మెరుపు అడుగడుగునా చతికిలబడింది. వెంట తెచ్చుకున్న 22 ట్యూబులూ అయిపోయాయి. ఇచ్చిన గడువు దాటిపోయాక ఎలాగో పారిస్ చేరారు. జనం నవ్వారు. కానీ చూడాల్సినవాళ్ళు ఇంకోటి చూశారు: కారు బరువు గాలి మీద నిలుస్తుంది.

అక్కడి నుంచి పదేళ్ళపాటు మోటారు కారంటే డబ్బున్నవాళ్ళు దుమ్ములో మోకాళ్ళూనే ఆట. చక్రం బండికి శాశ్వతంగా బిగించి ఉండేది, ఊడదీసే ఏర్పాటు లేదు. పంక్చరైతే ఇరుసు ఎత్తి, లివర్లతో టైరును రిమ్ము మీంచి ఒలిచి, ట్యూబు లాగి, చిల్లి వెతికి, అతికి, మళ్ళీ ఎక్కించి, చేతి పంపుతో గాలి కొట్టాలి. వానైనా, రాత్రైనా అంతే. అందరూ ఒకే ప్రశ్న వేసుకున్నారు: దారి మీద టైరును ఇంకా త్వరగా బాగుచేయడం ఎట్లా? మంచి జిగురు కనిపెట్టారు, మంచి లివర్లు చేశారు. ప్రశ్నే తప్పుగా ఉందని ఎవరికీ తోచలేదు.

తోచింది వేల్స్‌లోని లనెథ్లీ అనే ఊళ్ళో. థామస్ మోరిస్ డేవిస్ అనే ఆయన 1904లో ఒక చిత్రమైన వస్తువు చేశాడు. ఆకులు లేవు, కుండ లేదు. ఉత్త ఇనుప వలయం, దాని మీద ముందే గాలి నింపి ఉంచిన టైరు, పక్కన పట్టుకునే కొక్కేలు. పంక్చరైన చక్రాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఈ వలయాన్ని దాని పక్కన ఆనించి, కొక్కేలు బిగించి, బండెక్కి పోవడమే. చచ్చిన టైరు పక్కనే వేలాడుతుంటుంది, బరువంతా కొత్తది మోస్తుంది. చిల్లి సంగతి ఇంటికి పోయాక, దీపం కింద, కాఫీ తాగుతూ చూసుకోవచ్చు. డేవిస్ కనిపెట్టింది చక్రం కాదంటాను నేను, వాయిదా కనిపెట్టాడు. అరవై ఏళ్ళుగా రబ్బరుతో కుస్తీ పట్టిన ఘనులెవరికీ రాని ఆలోచన అది.

ఆయన, ఆయన సోదరుడు వాల్టర్ కలిసి వ్యాపారం పెట్టిన వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. ఆ ఊరి జమీందారీ వంశం పేరే ఆ వీధికి పెట్టారు. చక్రానికి వీధి పేరు అంటుకుంది, చక్రంతో పాటు ఓడలెక్కింది. కొద్ది ఏళ్ళలోనే దేశదేశాల్లో దానికి ఏజెంట్లు వెలిశారు. కొత్త వస్తువు మన రేవుల్లో దిగినప్పుడు మన మెకానిక్కులు దాన్ని ఏమని పిలిచారో, మనవళ్ళూ అదే అంటున్నారు.

దాని రాజ్యం మాత్రం ఎక్కువ కాలం సాగలేదు. 1906 జూన్‌లో ఫ్రాన్స్‌లోని ల మాన్స్ దగ్గర మొట్టమొదటి గ్రాండ్ ప్రీ పందెం జరిగింది. రెండు రోజులు, 1,200 కిలోమీటర్ల పైన. ఎండకు రోడ్డు మీది తారు కరిగి డ్రైవర్ల కళ్ళలో పడింది, టైర్లు వరసగా పేలాయి. డ్రైవరూ అతని పక్కనుండే మెకానిక్కూ తప్ప ఇంకెవరూ బండి మీద చెయ్యి వేయకూడదని నిబంధన. మిగతావాళ్ళలో చాలామంది కత్తులతో టైర్లు కోసి కొత్తవి ఎక్కించడానికి పావుగంట తంటాలు పడుతుంటే, రెనో బండి తోలిన హంగరీవాడు ఫెరెంత్స్ సీస్, మిషెలిన్ కొత్తగా చేసిన ఊడదీసే రిమ్ముల నట్లు విప్పి, ముందే టైరు ఎక్కించి ఉంచిన రిమ్ము తగిలించి నాలుగు నిమిషాల లోపే కదిలిపోయాడు. రెండో బండికి అరగంట ముందు గమ్యం చేరాడు. మరో రెండేళ్ళకు ఇంగ్లండు వాళ్ళు మొత్తం చక్రమే ఊడే పద్ధతితో వస్తామంటే ఆ పందెం పెట్టేవాళ్ళు ఒప్పుకోలేదు, ఇది మరీ సులువు అన్నారు కాబోలు. నిషేధం పందేలకే గాని రోడ్లకు కాదు కదా! మొదటి ప్రపంచ యుద్ధం తరవాత చక్రం మొత్తం విప్పి వేసుకోవడమే రివాజైంది. డేవిస్ వలయం పాత ఇనుములోకి పోయింది. పేరు మిగిలింది.

ఇక మన వైపు కథ. తిరునెల్వేలి జిల్లా తిరుక్కురుంగుడిలో 1877లో పుట్టిన టి.వి. సుందరం అయ్యంగార్ వకీలుగా, రైల్వేలో, బ్యాంకులో పనిచేసి, అన్నీ వదులుకుని 1912లో మదురైలో బస్సులు మొదలుపెట్టారు. ఎడ్లబండ్ల రాజ్యం అది. మా నల్లరేగడి సీమలో పత్తి కూడా విరుదునగరు సంతకు ఎద్దుల మీదే పోయేది. రోడ్డంతా లాడం మేకులు. టి.వి.ఎస్. బస్సు వేళకు వస్తుందని, దాన్ని చూసి గడియారం సరిచేసుకునేవాళ్ళని మదురై పెద్దలు ఇప్పటికీ చెబుతారు. పంక్చర్లతో ఆ వేళ నిలబెట్టడం ఎట్లా? దానికీ ఒక కథ చెబుతారు: అయస్కాంతాలు కట్టిన బండిని ముందు పంపి, రోడ్డు మీది మేకులన్నీ ఏరించేవారట. ఫ్రాన్స్‌లో ఒకాయన టైరు అమ్ముకోవడానికి మేకులు చల్లించాడు, ఇక్కడొకాయన టిక్కెట్టు అమ్ముకోవడానికి మేకులు ఏరించాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాను మలయాను ఆక్రమించుకోవడంతో రబ్బరుకు కటకట వచ్చింది, పెట్రోలుకూ వచ్చింది. మదురైలో అదే సంస్థ బొగ్గు వాయువుతో బస్సు నడిపే గ్యాస్ ప్లాంట్లు తయారుచేసి అమ్మింది. అరిగిన టైర్లకు కొత్త పొర అతికే రీట్రెడింగు చేపట్టింది. 1946లో మద్రాసు పక్క తిరువొత్తియూరులో ఒక షెడ్డులో పిల్లల బుడగలు చేస్తూ వ్యాపారం మొదలుపెట్టిన కె.ఎం. మామ్మెన్ మాప్పిళ్ళై కూడా, 1952లో ఆ రీట్రెడింగు రబ్బరుతోనే టైర్ల లోకంలో అడుగుపెట్టారు. అదే ఇవాళ్టి ఎం.ఆర్.ఎఫ్.

నాలుగు నిమిషాల్లో సీస్ చేసిన పనికి ఆ రాత్రి మాకు నలభై నిమిషాలు పట్టింది. తప్పు నాదే. స్టెప్నీ దించగానే హుషారుగా జాకీ పెట్టి బండి ఎత్తేశాను. తీరా నట్టు తిప్పబోతే చక్రం గాలిలో గిర్రున తిరుగుతోంది. చక్రం నేల మీద ఉండగానే నట్లు ఒక్క చుట్టు వదులు చేసుకోవాలి, ఎత్తడం తరవాత. మామ ఏమీ అనలేదు, అత్త అంది. మళ్ళీ దించాను. ఈసారి నట్టు కదల్లేదు. స్పానరు మీద నిలబడి తొక్కితే గానీ కిర్రుమనలేదు. మళ్ళీ ఎత్తుతుంటే ఇంకో ముప్పు: పైకి లేవాల్సిన బండి లేవడం లేదు, జాకీయే రేగడి మట్టిలోకి దిగిపోతోంది. మామ కొడుకు పరుగెత్తి చేను గట్టు మీంచి బల్లపరుపు రాయి ఒకటి తెచ్చాడు. రాతి మీద జాకీ నిలిచింది. ఎత్తైన బండి కనుక ఇంకొంచెం, ఇంకొంచెం అని తిప్పుతూనే ఉండాల్సి వచ్చింది. ఎస్‌యూవీ చక్రం ఎత్తి బోల్టులకు తగిలించడమంటే ధాన్యం బస్తా గోడకు తగిలించినట్టే. కాళ్ళ మీద ఆనించుకుని లేపమన్నాడు మామ. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాడు, చక్రం ఒక పక్కకు ఒరగకుండా. బండి దించాక ఇంకోసారి గట్టిగా బిగించి, ఊడదీసిన చక్రాన్ని వెనక సీట్ల దగ్గర పడేశాడు.

ఆ నలభై నిమిషాలూ బండి నుంచి యాభై అడుగుల వెనక ఎర్ర త్రికోణం మెరుస్తూనే ఉంది. అది లేనివాళ్ళు తుమ్మ కొమ్మ విరిచి పెడతారు, అదీ మంచిదే. కానీ చక్రం కింద పెట్టిన రాళ్ళు రోడ్డు మీదే వదిలి పోతారు చూడండి, వాళ్ళకు మాత్రం ఆ రాయే మళ్ళీ ఎదురు రావాలి. మాకు సాయం చేసిన రాయిని పిల్లవాడు గట్టు మీద ఎక్కడిదక్కడ పెట్టొచ్చాడు. జాతీయ రహదారుల మీద ఏం జరిగినా 1033కు ఫోను చేయొచ్చని చెప్పడానికి మామకు అప్పుడు గుర్తొచ్చింది.

కారియాపట్టిలో పంక్చరు షాపు తెరిచే ఉంది. బోర్డు మీద అరవంలో వల్కనైజింగ్ అని ఉంది. షాపాయన మా తెలుగు విని తెలుగులోకి దిగాడు. ట్యూబులెస్ టైరు. రిమ్ము మీంచి టైరు విప్పనక్కర్లేదు, లివర్లు అక్కర్లేదు. సబ్బు నీళ్ళు చల్లి బుడగలు వచ్చినచోట సుద్దతో గీసి, పట్టకారుతో మేకు పీకి, జిగురు పూసిన రబ్బరు తాడు సూదితో గుచ్చి, మిగిలింది కోసేశాడు. ఐదు నిమిషాలు. "ఈ సూదీ తాడూ బండ్లోనే పెట్టుకుంటే మీరే వేసుకోవచ్చు కదా అన్నా" అన్నాడు మామతో. నిజమే. గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటూ, ఈ రిపేరు కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని 2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధన కూడా మార్చింది. అంటే మళ్ళీ దారి మీదే అతుకు వేయడం. ఎడువార్డ్ మిషెలిన్ పదిహేను నిమిషాలు చాలన్న పని ఐదింట్లో అవుతుంటే డేవిస్ వాయిదాతో పనేముంది?

"నాకు స్టెప్నీ ఉండాల్సిందే" అన్నాడు మామ. "టైరు పక్క చీలితే ఈ తాడు ఏం చేస్తుంది?"

షాపాయన ఒప్పుకున్నాడు. పీకిన మేకును పిల్లవాడు చేతిలోకి తీసుకుని లైటు కింద పెట్టి చూశాడు.

"ఎద్దు లాడందా?"

"ఎద్దులెక్కడున్నాయి తమ్ముడూ? ఏదో లారీ నుంచి రాలిన స్క్రూ" అని నవ్వి, షాపాయన దాన్ని తీసుకుని మూలనున్న డబ్బాలో వేశాడు. డబ్బా సగానికి పైగా నిండి ఉంది.

బాగైన చక్రం తన చోటికి వెళ్ళింది. స్టెప్నీని మళ్ళీ గొలుసుకు తగిలించి మామ కడ్డీ నా చేతికిచ్చాడు.

"తిప్పు అల్లుడా. ఈసారి ఎక్కించాల."

పిల్లవాడు బండి కింద తల పెట్టి, చక్రం పైకి లేస్తుంటే చుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, ఒకటి నుంచి పది తెలుగులో, ఆ తరవాత అరవంలో.